‘అట’ను చెరిపేసే వ్యాపారం

ఆయుధాల మీద నాకు మోజు లేదు. నా చేత ఇంతవరకు ఒక్క తూటా అయినా పేలలేదు. పాత పుస్తకాలను గూర్చి, వాటి ప్రతుల తేడాలను గూర్చి, ఒక ముద్రణలో దొర్లిన తప్పు మరుసటి ముద్రణలో ఒప్పుగా చెలామణి కావడాన్ని గూర్చి వ్రాసుకొంటూ వచ్చినవాణ్ణి ఉన్నట్టుండి రివాల్వరును గూర్చి వ్రాయబూనడం మిత్రులకు వింతగా తోచవచ్చు. కాని ఏళ్ల తరబడి నన్ను బాధిస్తున్న ఆ జబ్బు పుస్తకాలకే పరిమితం కాదనీ, పాతవాటికి వెల కట్టే ప్రతి అంగడిలోనూ అదే ఉన్నదనీ ఈ మధ్య అరచేతిలో ఇమిడే ఒక వస్తువు నాకు తెలియజెప్పింది. అందుకే ఈ టపా. కొంచెం కోపంతోనే వ్రాస్తున్నాను, మన్నించగలరు.

ఒహాయోలో మా పక్కింటి పెద్దావిడ తొంభైకి చేరువలో ఉన్నారు. ఆవిడ భర్త ఒక చిన్న ఊరి పోలీసు శాఖలో పనిచేసి, విశ్రాంతి తీసుకొని, నిరుడు కాలం చేశారు. ఆయన బల్ల సొరుగులో పాత గుడ్డలో చుట్టిన ఒక పొట్టి రివాల్వరు దొరికింది. గొట్టం రెండంగుళాలకు మించదు. అయిదు తూటాలు పట్టే సిలిండరు. ఆవిడ దాన్ని పాత ఆయుధాలు కొని అమ్మే ఒక వర్తకుడి వద్దకు తీసుకువెళ్లారు. ఆయన గొట్టం మీది అక్షరాలు చదివి, ఒకసారి మీట నొక్కి చూసి, రెండు నిమిషాల్లో తేల్చేశాడట: “వాడిన పాత ఎయిర్‌వెయిట్. అక్కడక్కడా గీతలున్నాయి. పేల్చుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. రెండు వందల డాలర్లు ఇస్తాను.” ఆ మాట విన్న మనుమడు, అంత తక్కువకు అమ్మడం ఎందుకు, ఆదివారం పేల్చి చూస్తానన్నాడు. నేను లోహశాస్త్రం చదువుకొన్నవాణ్ణని ఆవిడకు తెలుసు. “ఇంత తేలికగా ఉందేమిటి, ఒకసారి చూసి పెట్టు” అని నన్ను పిలిచారు.

సిలిండరు తెరిపించి, తూటాలు లేవని నిర్ధారించుకొన్నాక చేతిలోకి తీసుకొన్నాను. రాగి చెంబనుకొని ఎత్తితే సత్తు చెంబయినట్టు చెయ్యి పైకి లేచింది. ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద ఉన్న అయస్కాంతపు బిళ్ల ఒకటి అడిగి తీసుకొన్నాను. గొట్టానికి అతుక్కొంది. ఫ్రేముకు అతుక్కోలేదు. అది ఊహించిందే. సిలిండరుకు కూడా అతుక్కోలేదు. అప్పుడు మాత్రం మనుమడి వైపు తిరిగి, “ఆదివారం ప్రయాణం మానుకో నాయనా” అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలంటే కొంత చరిత్ర అవసరం.

స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1950లో కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన పోలీసు అధిపతుల సభలో ఒక చిన్న రివాల్వరును ప్రదర్శించింది. .38 స్పెషల్ తూటాలు అయిదు పట్టేది. ఆ అధిపతులే ఓట్లు వేసి దానికి పేరు ఎంచడంతో అది చీఫ్స్ స్పెషల్ అయింది. అంతా ఉక్కు, బరువు అరకిలోకు పైమాట. రోజంతా నడుముకో, చీలమండకో కట్టుకొని తిరిగేవాడికి ఆ అరకిలో కూడా భారమే. అందుచేత 1952లో తేలిక రూపం వచ్చింది. దాని ఫ్రేము అల్యూమినియం మిశ్రలోహం. అదే ఊపులో సిలిండరును కూడా అల్యూమినియంతోనే చేశారు. మొత్తం బరువు మూడు వందల గ్రాముల ప్రాంతానికి దిగింది. ఎయిర్‌వెయిట్ అన్న పేరు సార్థకమైంది.

కాని సిలిండరు నిలవలేదు. 1954 ప్రాంతానికి కంపెనీ వెనక్కి తగ్గి ఉక్కు సిలిండరుకు మారింది. ఈ లోపల తయారైనవి నాలుగు వేలకు లోపే. 1957 నుంచి కంపెనీ తన రివాల్వర్లకు నమూనా సంఖ్యలు ఇవ్వసాగింది. ఉక్కు సిలిండరు ఎయిర్‌వెయిట్‌కు 37 దక్కింది. ఆ 37లు దశాబ్దాల పాటు తయారయ్యాయి, బజారులో కొల్లలు. మా పక్కింటి సొరుగులో దొరికింది వాటికి ముందరి నాలుగు వేలలోనిది. పుస్తకాల భాషలో చెప్పాలంటే ఇది పాఠాంతరం.

వర్తకుడు చూడనిది ఏమిటో ఇప్పుడు చెబుతాను. ఇది రహస్య విద్య ఏమీ కాదు, చూసే ఓపిక ఉంటే చాలు.

మొదటిది అయస్కాంతం. సిలిండరుకు అతుక్కొంటే అది ఉక్కు, అక్కడితో సరి. అతుక్కోనంత మాత్రాన ఎగిరి గంతు వేయకూడదు. 1999లో ఇదే కంపెనీ టైటానియం సిలిండర్లతో మరొక తేలిక వరుసను తెచ్చింది, వాటికి కూడా అయస్కాంతం అతుక్కోదు. కనుక రెండవ పరీక్ష కాలనిర్ణయం. సిలిండరు తెరిచినప్పుడు ఫ్రేములో దాన్ని మోసే చేయి ఇమిడే చోట నమూనా సంఖ్య అచ్చు గుద్ది ఉంటే, అది 1957 తరువాతిది. సిలిండరును తెరవడానికి బొటనవేలితో నెట్టే మీట బల్లపరుపుగా ఉంటే, 1960ల నడుమకు ముందటిది. పక్క పలక పైభాగాన ఒక మర అదనంగా కనిపిస్తే, ఇంకా వెనకటిది. మా పెద్దావిడ రివాల్వరులో నమూనా సంఖ్య లేదు. మీట బల్లపరుపు. పై మర ఉంది.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా తక్కువమంది చూసేది. క్రమసంఖ్య పిడి అడుగున ఉంటుందని అందరికీ తెలుసు. అదే సంఖ్య సిలిండరు వెనుక ముఖం మీద, గొట్టం అడుగున కూడా ఉంటుంది. కుడివైపు పిడి చెక్క లోపల కూడా ఉంటుంది. నాలుగూ కలిస్తేనే ఆ వస్తువు పుట్టినప్పటి రూపంలో ఉన్నట్టు. పిడి అడుగు సంఖ్య ఒక్కటే చూసి ప్రయోజనం లేదు. ఉక్కువీ, అల్యూమినియంవీ ఒకే సంఖ్యల వరుసలో కలగలిసి తయారయ్యాయి. పైగా అల్యూమినియం సిలిండరుకు భయపడి ఉక్కుది వేయించుకొన్నవారు ఉన్నారు. ఆ ఊడదీసిన సిలిండర్లు ఎక్కడో ఒకచోట ఉండకపోవు. వాటిలో ఒకదాన్ని మామూలు రివాల్వరులో బిగిస్తే ‘అరుదైన రూపం’ ఒక్క పూటలో తయారు. దాన్ని పట్టిచ్చేది ఆ వెనుక ముఖం మీది చిన్న అంకెలే.

మన వాఙ్మయంలో ఈ పని మనకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించేముందు ఎన్ని చోట్ల నుంచి ప్రతులు తెప్పించి పోల్చి చూశాడో మనవాళ్లు ఎన్నిసార్లు చెప్పుకోలేదు! ఒక్క ప్రతి పట్టుకొని ‘ఇదే అసలు’ అన్నవాణ్ణి మనం పండితుడనలేదు. మరి ఒక్క అంకె చూసి వెల చెప్పేవాణ్ణి నిపుణుడని ఎందుకు అంటున్నాం?

ఇక్కడ నా కోపానికి అసలు కారణం చెప్పాలి. ఆవిడకు రెండు వందలే ఇస్తానన్నాడని కాదు. బేరం బేరమే. “పేల్చుకోవడానికి భేషుగ్గా ఉంటుంది” అన్నాడే, ఆ మాట.

.38 స్పెషల్ తూటా పేలినప్పుడు అరలో పుట్టే ఒత్తిడి చదరపు అంగుళానికి వేల పౌండ్లు. అమెరికాలో తయారీదారుల ప్రమాణం మామూలు తూటాకే 17,000 దాకా ఒప్పుకొంటుంది. నేడు అంగళ్లలో దొరికే బలమైన రకాల్లో అంతకన్నా ఎక్కువ. ఆ ఒత్తిడిని మోసేది సిలిండరు గోడ. పొట్టి రివాల్వరులో ఆ గోడ పలచన. లోహం పదేపదే ఒత్తిడికి లోనైతే అలసిపోతుందని మేము చదువుకొంటాం. ఉక్కుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు లోబడిన ఒత్తిడిని ఎన్నిసార్లు పెట్టినా అది ఓర్చుకొంటుంది. అల్యూమినియానికి అటువంటి హద్దు లేదు. ప్రతి పేలుడూ ఖాతాలో జమ అవుతుంది. ఇంతకు ముందు యజమాని ఎన్నిసార్లు పేల్చాడో ఎవరికీ తెలియని డెబ్భై ఏళ్ల సిలిండరు అది. వెలుపలి నుంచి చూస్తే నున్నగా, నల్లగా, బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది. తెలిసిన సేకర్తలంతా ఒకే మాట చెబుతారు: దీన్ని దాచుకో, పేల్చకు. ఆ ఆదివారం పందొమ్మిదేళ్ల కుర్రవాడి చేతికి, ముఖానికి జానెడు దూరంలో ఆ సిలిండరు ఉండేది. గుర్తింపు అన్నది సేకర్తల కాలక్షేపం మాత్రమే అనుకొనేవారు ఆ దూరాన్ని ఒకసారి తలచుకోవాలి.

ఇప్పుడు ‘అరుదు’ అన్న మాట దగ్గరికి వస్తాను. అంగడి భాషలో అరుదు అంటే గొప్ప. ఈ సమీకరణాన్ని ఎవరూ ప్రశ్నించరు. కాని ఈ రివాల్వరు ఎందుకు అరుదు? అది విఫలమైంది కనుక. బాగా పనిచేసి ఉంటే లక్షలు తయారయ్యేవి, ఇవాళ ఎవరూ పట్టించుకొనేవారు కారు. అదే కాలంలో అమెరికా వైమానిక దళం విమాన సిబ్బంది కోసం ఇటువంటి తేలిక రివాల్వర్లనే కోరింది. కోల్ట్ కంపెనీ ఎయిర్‌క్రూమన్ పేరిట సుమారు 1,200 ఇచ్చింది. స్మిత్ అండ్ వెస్సన్ ఎం13 పేరిట దాదాపు 40,000 ఇచ్చింది. వాటికీ అల్యూమినియం సిలిండర్లే. దెబ్బతినకుండా ఉండాలని తక్కువ ఒత్తిడి తూటాను ప్రత్యేకంగా చేయించారు. అయినా నమ్మకం కుదరలేదు. చివరకు దళం వాటిని వెనక్కి తీసుకొని నాశనం చేయించింది. నలభై వేలు తయారైనది నేడు కంటికి కనిపించడమే గగనం. మిగిలిన కొద్దిపాటివాటికి సేకర్తలు ఎగబడతారు.

ఎగబడేచోట దొంగ సరుకు పుడుతుంది. ఆ కోల్ట్ ఎయిర్‌క్రూమన్‌కు పిడి చెక్కల మీద కంపెనీ గుర్రం బొమ్మకు బదులు వైమానిక దళం బిళ్ల ఉంటుంది. పిడి వెనుక ప్రభుత్వ ఆస్తి అన్న వ్రాత ఉంటుంది. బిళ్ల చేయించడం ఎంత సేపు? అక్షరాలు గుద్దడం ఎంత పని? అదే కంపెనీ వారి కోబ్రా అన్న మామూలు తేలిక రివాల్వరును తీసుకొని వేషం వేస్తే చాలు. వేషగాడు మరచిపోయేది ఒకటే: కోబ్రా ఫ్రేము అల్యూమినియమే కాని సిలిండరు ఉక్కు. అక్కడ మళ్లీ ఫ్రిజ్ తలుపు బిళ్లే న్యాయాధిపతి. వ్రాత అబద్ధమాడవచ్చు, లోహం ఆడలేదు.

నేను అరుదైనవాటికి విలువ లేదనడం లేదు. ఉంది. ఆ విలువ సాక్ష్యానిది. తేలిక కోసం ఎంత దూరం పోయారో, ఎక్కడ ఆగవలసి వచ్చిందో, ఎందుకు వెనక్కి తగ్గారో ఆ సిలిండరు చెబుతుంది. సాక్ష్యం చెడకుండా ఉన్నంత వరకే సాక్షికి విలువ. ఈ ఒక్క సూత్రం పట్టుకొంటే వెల కట్టడంలోని చిక్కులన్నీ విడిపోతాయి. నాలుగు సంఖ్యలూ కలిసినదానికి ఎక్కువ ఎందుకు? సాక్ష్యం చెదరలేదు. క్రమసంఖ్య వ్రాసిన అసలు అట్టపెట్టె ఉంటే ఇంకా ఎక్కువ ఎందుకు? రెండవ సాక్షి దొరికాడు. గీతలు పోగొట్టి కొత్త పూత పూయించినదాని వెల సగానికి పడిపోవడం ఎందుకు మామూలు? సాక్షి నోరు నొక్కారు కనుక. ఆ వర్తకుడే వెళ్తూ వెళ్తూ ఆవిడకు “కొంచెం మెరుగు పెట్టిస్తే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి” అని సలహా కూడా ఇచ్చాడట! పురుగు తిన్న తాళపత్రాన్ని అంచులు కత్తిరించి అందంగా చేసి ఇస్తానన్నవాణ్ణి నేను ఎరుగుదును. ఆ అంచుల్లోనే వ్రాయసగాడి పేరు ఉండింది.

వెల కోసం ఎక్కడ చూడాలన్నది మరొక ప్రశ్న. అమ్మేవాడు అడిగే ధర ఆశ మాత్రమే. వేలంలో నిజంగా చేతులు మారిన ధరే ధర. అది కూడా ఇదే రూపానికి, ఇదే స్థితికి, ఇదే ఆధారాలకు పలికినదై ఉండాలి. ధరల పుస్తకంలో ‘పాత ఎయిర్‌వెయిట్’ అన్న వరుసలో వేలు పెట్టి చదివే అంకె 37లకు వర్తిస్తుంది, దీనికి కాదు.

మన దేశంలో సంగతి వేరు. విదేశీ రివాల్వర్ల దిగుమతి 1980ల నడుమ నుంచి మామూలు పౌరులకు మూసుకుపోయింది. అందువల్ల తాతలనాటి .32 వెబ్లీ ఏదైనా లైసెన్సుతో సహా బయటపడితే లక్షల్లో పలుకుతుంది. ఆ వెల మూసిన తలుపుకు గాని వస్తువుకు కాదు. మన బంధువుల ఇళ్లలో అటువంటిది ఉండి, ఎవరో లక్షలు ఇస్తామన్నంత మాత్రాన అది ‘అరుదైన నమూనా’ అని మురిసిపోనవసరం లేదు. ధర పెరగడానికి కారణం ఏమిటని అడగకుండా ధరను మాత్రమే చెప్పుకోవడం కూడా నేను చెబుతున్న జబ్బే.

కథ ఇంకా ఉంది. ఆ కంపెనీ పాత రవాణా పద్దులను చూసి, ఫలానా సంఖ్య గల వస్తువు ఏ రూపంలో, ఎప్పుడు, ఎవరికి పంపబడిందో ఉత్తరం వ్రాసి ఇచ్చే చారిత్రక సంస్థ ఒకటి ఉంది. ఆవిడ చేత దానికి వ్రాయించాను. ఈలోగా సంగతి వర్తకుడి చెవిన పడింది. ఈసారి ఆయనే ఇంటికి వచ్చాడు. ధర మూడింతలు చేశాడు. “మీ ఆయనకు ఇది ఎలా వచ్చింది?” అని అడిగాడు. “ఉద్యోగంలో చేరిన రోజున వాళ్ల అధికారి కానుకగా ఇచ్చారని చెప్పేవారు” అన్నారావిడ. ఆయన కళ్లు మెరిశాయి. “అది కాగితం మీద వ్రాసి సంతకం పెట్టండి. పోలీసు అధిపతి స్వహస్తాలతో ఇచ్చిన చీఫ్స్ స్పెషల్! ఇంకో అయిదు వందలు వేస్తాను.”

కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. అల్యూమినియం సిలిండరుతోనే తయారైందనీ, 1953లో ఒక హార్డ్‌వేర్ దుకాణానికి పంపబడిందనీ అందులో ఉంది. అధికారి ఇచ్చిన కానుక కథను ఆ ఉత్తరం కాదనలేదు. అవునని కూడా అనలేదు. అధికారి ఆ దుకాణంలోనే కొని ఉండవచ్చు. ఆయనే జీతం డబ్బులతో కొనుక్కొని భార్య కోప్పడుతుందని కానుక అని చెప్పి ఉండవచ్చు! ఈ రెండో మాట నాది కాదు, ఆవిడదే. చెబుతూ చాలాసేపు నవ్వారు, తరువాత కళ్లు తుడుచుకొన్నారు.

మన భాషలో ‘అట’ అని ఒక చిన్న మాట ఉంది. ‘ఇచ్చారు’ వేరు, ‘ఇచ్చారట’ వేరు. మొదటిది నేను చూశాను అనడం, రెండవది నేను విన్నాను అనడం. పల్లెటూరి అవ్వ కూడా ఈ తేడాను పొరపాటున చెరపదు. విన్నదాన్ని చూసినట్టు చెప్పడం అబద్ధమని మనకు వ్యాకరణమే నేర్పింది. ఆ వర్తకుడు అయిదు వందల డాలర్లకు కొనబోయింది ఆ ‘అట’ను. దాన్ని చెరిపేస్తే వినికిడి చరిత్ర అవుతుంది, కాగితం సాక్ష్యం అవుతుంది, ఇరవై ఏళ్ల తరువాత కొనేవాడికి అదే ప్రమాణం అవుతుంది. మన సాహిత్య చరిత్రలో ఇలా ‘అట’లు రాలిపోయి నిజాలుగా నిలబడిన కథలు ఎన్ని లేవు!

దీనికి వర్తకుల వైపు నుంచి ఒక సమాధానం ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. రోజుకు పది వస్తువులు చేతిలో పడే మనిషి ప్రతిదాని వెనుక ముఖం చూస్తూ కూర్చుంటే దుకాణం నడవదంటారు. కొనేవాడే చూసుకోవాలంటారు. కథ కూడా వస్తువులో భాగమేనంటారు. మొదటిదానికి నా జవాబు ఫ్రిజ్ తలుపు బిళ్ల: దానికి పట్టిన కాలం మూడు సెకన్లు. రెండవదానికి జవాబు ఆ పందొమ్మిదేళ్ల కుర్రవాడు: వాడు కొనేవాడు కాదు, చూసుకోవాలని వాడికి ఎవరూ చెప్పలేదు. మూడవదాన్ని నేను ఒప్పుకొంటాను. కథ వస్తువులో భాగమే. అందుకే దాన్ని ఉన్నది ఉన్నట్టు, ‘అట’తో సహా దాచమంటున్నాను.

ఆవిడ దాన్ని అమ్మలేదు. గీతలు గీతలుగానే ఉన్నాయి. ఉత్తరాన్ని, రివాల్వరును ఒకే పెట్టెలో పెట్టి తాళం వేసి, ఒక చీటీ వ్రాసి మీటకు దారంతో కట్టారు. దాని మీద మూడు వాక్యాలు: సిలిండరు అల్యూమినియం, ఎన్నడూ పేల్చరాదు. 1953లో ఒక దుకాణానికి పంపబడింది, ఉత్తరం చూడండి. తన అధికారి ఇచ్చారని మా ఆయన చెప్పేవారు.

ఇంగ్లీషులో మన ‘అట’కు సరిపోయే చిన్న మాట లేదు కనుక ఆవిడకు ఒక వాక్యమంతా పట్టింది. అయినా వ్రాశారు. వెల కట్టేవారెవరైనా ముందు ఆ చీటీ చదవాలి.